బాగుంది అన్నారంటే

ఆ ఏడు నా క్లాసులో ఇరవై నాలుగు మంది ఉన్నారు. సగం మంది మనవాళ్ళు, సగం మంది బయటి దేశాల వాళ్ళు. రుషికొండ దగ్గర కొండవాలులో కట్టిన కాలేజీ అది. కిటికీలోంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది కాబట్టి, పిల్లల వీపులు కిటికీల వైపు ఉండేలా మొదటి రోజే బల్లలు తిప్పించాను. టెక్నాలజీతో సొంత వ్యాపారం ఎలా మొదలుపెట్టాలో ఒక సెమిస్టరు పాటు చెప్పడం నా పని. నాకిచ్చిన పుస్తకం ఎక్కడో సముద్రాల అవతల రాసింది. ముందుగా విద్యార్థుల చేత వాళ్ళ ఓటముల గురించి మాట్లాడించండి, భయం పోతుంది అని అందులో మొదటి పేజీల్లోనే ఉంది. నేను అక్షరం పొల్లు పోకుండా అలాగే చేశాను.

జర్మనీ నుంచి వచ్చిన అబ్బాయి వెంటనే లేచాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి సైకిళ్ళు అద్దెకిచ్చే యాప్ ఒకటి పెట్టాడట. నాలుగు నెలల్లో మూతపడిందట. ఇప్పుడు ముగ్గురికీ మాటల్లేవట. రైలు ఎన్ని గంటలకు వస్తుందో చెప్పినట్టు చెప్పి కూర్చున్నాడు. టాంజానియా నుంచి వచ్చినామె అందరికంటే పెద్దది, ముప్పై ఏళ్ళుంటాయి. చదువుకు రాకముందు వాళ్ళ ఊళ్ళో, సముద్రం ఒడ్డునే, ఫోన్లు బాగుచేసే కొట్టు నడిపింది. ఆమె లేచి, ఏ రకం ఓటమి కావాలో చెప్పండి, నా దగ్గర చాలా రకాలున్నాయి అంది. అందరూ నవ్వారు.

తర్వాత మనవాళ్ళ వంతు వచ్చింది. మూడో వరసలో సబ్బవరం నుంచి వచ్చిన అమ్మాయి పెన్ను మూత తీయడం, పెట్టడం చేస్తోంది. వాళ్ళది వ్యవసాయ కుటుంబం. ఇంజనీరింగ్ దాకా వచ్చిన మొదటి మనిషి తనే. నువ్వు చెప్పమ్మా అన్నాను. ఏమీ లేదు మేడమ్ అంది. పుస్తకంలో చెప్పినట్టు నేను పట్టు విడవలేదు. మళ్ళీ అడిగాను. ఆమె కళ్ళు బల్ల మీదకి వాలిపోయాయి.

క్లాసయ్యాక వరండాలో నా వెనకే వచ్చింది. "మేడమ్, నాను ఇంటర్లో ఒకసారి తప్పినాను. మా అమ్మకి తెల్సు, నాన్నకి ఇప్పటికీ తెలీదు. ఇంట్లోనే సెప్పనేదు. అంతమంది ముందు ఎలాగ సెప్తానండి?"

తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "మరి మీరు దేంట్లో తప్పారు మేడమ్?" అని అడిగింది. వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. బస్సు వేళయిందని చెప్పి మెట్లు దిగిపోయాను.

బస్సుకు ఇంకా అరగంట ఉంది.

మా నాన్న కోనసీమ నుంచి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను పుట్టింది, పెరిగింది క్వార్టర్లలో. ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివాను. కొన్నాళ్ళు ఉద్యోగం చేశాక, కాలేజీ స్నేహితురాలితో కలిసి గాజువాక ఆటోనగర్లో రెండు గదులు తీసుకుని చిన్న కంపెనీ పెట్టాను. ఆరేళ్ళు నడిపి మూసేశాను. నన్ను ఈ కాలేజీలోకి తీసుకున్నది ఆ ఆరేళ్ళు చూసే. దరఖాస్తులో దాన్ని అనుభవం అని రాశాను. మూసేశానన్న సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండో వారంలో ఇంకో దెబ్బ తగిలింది. పాఠం ముగించి, ఎలా ఉంది అని అడిగాను. మర్యాద కోసం అడిగే ప్రశ్న అది. జర్మనీ అబ్బాయి చెయ్యెత్తి, మొదటి నలభై నిమిషాలు అవసరం లేదు, ఆ సంగతులన్నీ పుస్తకంలోనే ఉన్నాయి, చివరి పది నిమిషాలు మాత్రం చాలా ఉపయోగపడ్డాయి అన్నాడు. మనవాళ్ళంతా ఒక్కసారిగా తలలు దించుకున్నారు. తిట్టు పడింది వాళ్ళకే అన్నట్టు. నేను థాంక్యూ అన్నాను. ఆ తర్వాత మేముండే కూర్మన్నపాలెం వచ్చేదాకా బస్సులో నా మొహం ఎలా ఉందో నాకే తెలియదు. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన కూర తరుగుతూ అంతా విని, ఆ చివరి పది నిమిషాల్లో ఏం చెప్పావు అని అడిగారు. పోర్టులో నేను చూసిన ఒక సంగతి చెప్పానన్నాను. "మరింకేం, అవే చెప్పు. నేనూ పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను, అసలు సంగతి చివర్లో చెబుతావని. అప్పుడు రెండ్రోజులు మాట్లాడలేదు నువ్వు" అన్నారు.

మర్నాటి నుంచి నలభై నిమిషాలు తీసేశాను.

క్లాసును జట్లుగా విడగొట్టినప్పుడు జర్మనీ అబ్బాయినీ, టాంజానియా ఆమెనీ, సబ్బవరం అమ్మాయినీ ఒకే జట్టులో వేశాను. కావాలనే వేశాను. వాళ్ళు ఎంచుకున్న పని ఫిషింగ్ హార్బర్లో. ఆలోచన టాంజానియా ఆమెది. వాళ్ళ ఊళ్ళో ఎండకు చేపలు పాడైపోవడం చిన్నప్పటి నుంచీ చూసింది. ఇక్కడ ఆడవాళ్ళు హార్బర్లో వేలంలో చేపలు పాడుకుని, థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి, ఆటోల్లో కాలనీలకు తీసుకెళ్ళి అమ్ముతారు. పెట్టెలో చల్లదనం తగ్గితే కూత పెట్టే చిన్న పరికరం తయారుచేద్దామనుకున్నారు. సబ్బవరం అమ్మాయి ప్రోగ్రాం రాసింది. జర్మనీ అబ్బాయి టంకాలు వేశాడు. ఎంత శుభ్రంగా వేశాడంటే, ల్యాబ్ అసిస్టెంటు దాన్ని అందరికీ చూపించుకుంటూ తిరిగాడు. సబ్బుపెట్టె అంత డబ్బా, పైన ఎర్ర లైటు, లోపల రెండు పెన్సిల్ బ్యాటరీలు. అలాంటివి ఐదు చేశారు.

ఒకరోజు పొద్దున్నే నలుగురం హార్బర్‌కి వెళ్ళాం. పడవల నుంచి సరుకు దిగుతోంది. నీళ్ళు, ఐసు ముక్కలు, చేపల పొలుసులు కలిసి కాళ్ళ కింద జారుతున్నాయి. పాట ముగించుకుని వంజరాలు, కానాగంతలు పెట్టెల్లో సర్దుకుంటున్న ఒక పెద్దామె దగ్గర ఆగాం. యాభై ఐదేళ్ళుంటాయి. ముక్కుకి రెండు వైపులా పుడకలు, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన చీర. సబ్బవరం అమ్మాయి ఆమెను అత్తా అని పిలిచి, పరికరం ఎలా పనిచేస్తుందో చెప్పింది. ఆమె చేతులు తుడుచుకుని, డబ్బాను ఇటూ అటూ తిప్పి చూసింది.

"బాగుందమ్మా. సానా బాగుంది. అక్కడ పెట్టి ఎల్లండి."

ఆ పక్కన ఇంకో నలుగురికి చూపించి, తలా ఒకటి ఇచ్చాం. అందరూ బాగుందనే అన్నారు. ఒకామె అయితే జర్మనీ అబ్బాయి చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. అతను నోటుబుక్కులో ఐదుకి ఐదు అని రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు. ఆ సంతోషంలో రోడ్డు పక్క బండి దగ్గర మిరపకాయ బజ్జీలు నాలుగు తిన్నాడు. నాలుగోదానికి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా ఆపలేదు.

తిరుగు ఆటోలో టాంజానియా ఆమె మెల్లగా, మా మేనత్త కూడా ఇలాగే అంటుంది, ఎదుటివాళ్ళను తొందరగా పంపేయాలనుకున్నప్పుడు అంది. జర్మనీ అబ్బాయికి అర్థం కాలేదు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు కదా అన్నాడు. అంత దూరం నుంచి వచ్చాం కదా, కాదంటే మనం చిన్నబుచ్చుకుంటామని అలా అన్నారని ఆమె చెప్పింది. సబ్బవరం అమ్మాయి నవ్వు ఆపుకోలేక కొంగు, అంటే చున్నీ, నోటికి అడ్డం పెట్టుకుంది.

నీకు ముందే తెలుసా అని అతను అడిగాడు. తెలుసు అంది. మరి ఎందుకు చెప్పలేదు అన్నాడు. నువ్వంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పను అంది.

అతని మొహం వాడిపోయింది. హార్బర్లో ఆడవాళ్ళు చేసిన పనే తన జట్టులో మనిషీ చేసింది. మద్దిలపాలెం దాటేదాకా రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. కాలేజీ గేటు దగ్గర దిగాక, ఆ తెలుగు మాట ఏమిటి అని అడిగి, బాగుంది, బాగుంది అని రెండుసార్లు అనుకుని, ఇక నుంచి మన జట్టులో ఈ మాట నిషేధం అన్నాడు. ఎవరైనా అంటే మిగతా ఇద్దరికీ టీ తాగించాలి. ఆ సెమిస్టరులో ఎక్కువ టీలు తాగించింది సబ్బవరం అమ్మాయే. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసేది.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఒక పరికరంలో బ్యాటరీలు టీవీ రిమోట్‌లోకి చేరాయి. ఇంకొకటి దేవుడి పటం దగ్గర వెలుగుతోందట, ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటే ఇంట్లో అందరికీ నచ్చిందట. మూడో ఆమె దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి ట్రంకు పెట్టెలో దాచింది, పాడైపోతే మేమేమంటామో అని. నాలుగోది మనవడు సముద్రంలో విసిరేశాడు. ఆ మాట చెప్పడానికి ఆమె పావుగంట నసిగింది.

మొదట చూసిన పెద్దామె మాత్రం దాన్ని పెట్టెలోనే ఉంచింది. కానీ తడిగుడ్డ నాలుగు మడతలు వేసి చుట్టేసింది. ఎందుకని సబ్బవరం అమ్మాయి అడిగింది. ఈసారి ఆమె మొహమాటపడలేదు.

"అది అరిసేత్తందమ్మా. నాను గేటుకాడ కూసుని సేపలమ్ముతన్నాను. పెట్టెలోంచి అది కుయ్యోమంటే కొనేవోళ్ళు ఏటనుకుంటారు? సేపలు పాడైపోనాయనుకోరా? ఐసు కరిగితే నాకు సెయ్యి పెడితే తెలిసిపోద్ది. ఊరందరికీ సెప్పడం దేనికి?"

ముగ్గురూ నా వైపు చూశారు. నేను నవ్వడం మొదలుపెట్టాను. నవ్వుతూ నవ్వుతూ ఆ తడిగుడ్డ చూసి ఆగిపోయాను. పక్కనే ఉన్న సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయాను. ఆ గుడ్డ నేను ఇంతకు ముందు చూశాను.

మర్నాడు క్లాసులో పుస్తకం తెరవలేదు. ఆటోనగర్లో మూసేసిన కంపెనీ కథ చెప్పాను. క్రేన్ ఎత్తుతున్న బరువు హద్దుకు దగ్గరపడితే గంట కొట్టే పరికరాలు మేం తయారుచేసేవాళ్ళం. ప్రమాదం జరగకూడదని నేను ఆ హద్దును బాగా కిందికి పెట్టాను. మామూలు బరువులకు కూడా గంట మోగేది. మోగినప్పుడల్లా కింద ఉన్న సూపర్‌వైజరు తలెత్తి ఆపరేటరు వైపు చూసేవాడు. మా పరికరాలు పెట్టిన చోట ఆఫీసర్లందరూ చాలా బాగుందన్నారు. ఆరేళ్ళలో నేను ఎన్నో ఆఫీసు గదుల్లో కూర్చున్నాను గానీ, క్రేన్ నడిపే మనిషి కూర్చునే గదిలోకి ఒక్కసారి కూడా ఎక్కలేదు. చివరి ఏడాది ఒక పరికరం రిపేరుకొచ్చింది. విప్పి చూస్తే గంట చుట్టూ బనియన్ గుడ్డ కుక్కి ఉంది. అప్పుడు నాకు ఆపరేటరు మీద కోపం వచ్చింది. ఆ గుడ్డ నాకేదో చెబుతోందని తట్టలేదు. ఆ ఏడే మళ్ళీ ఆర్డర్లు రావడం ఆగిపోయింది. ఖాళీ చేసిన రోజు నేను, నా స్నేహితురాలు కుర్చీలన్నీ ఆటోలో ఎక్కించాక, కూర్చోవడానికి ఏమీ లేక నేల మీదే కూర్చుని బిర్యానీ తిన్నాం.

నేను చెప్పడం ఆపాక సబ్బవరం అమ్మాయి లేచి నిలబడింది. తడబడుతూ, ఇంగ్లీషులో, ఇంటర్లో కెమిస్ట్రీ తప్పానని చెప్పింది. ఆమె వెనక శ్రీకాకుళం వైపు అబ్బాయి ఒకడు లేచాడు. వాడి తర్వాత ఇంకొకరు. ఆ గంటలో మా క్లాసులో సగం మంది తప్పినట్టు తేలింది. ఎవరి మొహంలోనూ దిగులు లేదు. ఎవరిది పెద్దదో పోటీ పడుతున్నట్టు చెప్పుకున్నారు.

చివర్లో జర్మనీ అబ్బాయి చెయ్యెత్తాడు. "మేడమ్, మీరిది మొదటి రోజే చెప్పి ఉంటే మాకు మూడు వారాలు మిగిలేవి."

ఈసారి అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే.

ఆ తర్వాత ఏం చేయాలో టాంజానియా ఆమె నిర్ణయించింది. పరికరం పక్కన పెట్టి, ఒక రోజంతా ఆ పెద్దామె వెంట తిరుగుతానంది. సబ్బవరం అమ్మాయిని తోడు తీసుకెళ్ళింది. వాళ్ళ ఊళ్ళో పలకరింపులకే చాలాసేపు పడుతుందట. ఇల్లు, పిల్లలు, ఆరోగ్యం, పొద్దుటి వాతావరణం, అన్నీ అడిగాకే పని మాట. ఆ రోజు ఆమె హార్బర్లో చేసిందదే. భాష రాకపోయినా చేతులతో, మొహంతో అడిగింది. పెద్దామె తన మనవరాలి ఫొటో చూపించింది, ఈమె తన కూతురి ఫొటో చూపించింది. ఆ ఇద్దరు పిల్లలకూ ముందు పళ్ళు ఊడి ఉన్నాయి. తర్వాత పెట్టె ఆటోలోకి ఎక్కించేటప్పుడు ఒక పక్క ఈమె పట్టింది. కాలనీలో అపార్టుమెంటు గేటు ముందు ముగ్గురూ కూర్చున్నారు. ఆఫ్రికా నుంచి వచ్చినామె చేపల పెట్టె దగ్గర ఎందుకుందో చూడడానికి వచ్చినవాళ్ళు కూడా చేపలు కొన్నారట. అంత తొందరగా సరుకు ఎప్పుడూ అయిపోలేదని పెద్దామె అందట.

వాళ్ళు తెలుసుకొచ్చిన సంగతి చాలా చిన్నది. వాచ్‌మన్ ఆమెను మెట్లెక్కనివ్వడు. గేటు దగ్గరే నిలబడి కేక వేయాలి. పై అంతస్తుల వాళ్ళు ఏసీలు వేసుకుని కిటికీలు మూసుకుంటారు, వాళ్ళకి ఆ కేక వినపడదు. మర్నాడు కనిపించి, నిన్న మాకు చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయావని ఆమెనే కోప్పడతారు. నీకేం కావాలి అని వీళ్ళు అడగకుండానే, తిరుగు ఆటోలో ఆమె అంది: "నా గొంతు నాలుగో అంతస్తుకి ఎల్లేలాగ ఏదైనా ఉంటే సెప్పండమ్మా."

జర్మనీ అబ్బాయి ఆ రాత్రికల్లా పెద్ద యాప్ గీసుకొచ్చాడు. చేపల ఫొటోలు, రకాలు, ఆర్డర్లు, నక్షత్రాలు. సబ్బవరం అమ్మాయి దాన్ని చూసింది. ఆమె నోటి వరకూ వచ్చిన మాటను మింగిందని నాకు తెలిసింది. టీ ఖర్చు గుర్తొచ్చి ఉంటుంది. తర్వాత గట్టిగా ఊపిరి తీసుకుని, ఆవిడకు చదవడం రాదు, ఈ నక్షత్రాలు ఎవరికి అని అడిగింది. పదేళ్ళ నుంచి ఆ వీధిలో అందరూ ఆవిడను గుర్తుపట్టేది ఆ కేకను బట్టే, మనం ఆ కేకనే పంపుదాం అంది. అతను ఆమె వైపు చూసి, మొదటిసారి నాకు కాదని చెప్పావు అన్నాడు. ఎంత సంతోషంగా అన్నాడో చెప్పలేను.

అలా తయారైంది అది. ఆమె తన ఫోనులో మీట నొక్కి ఎప్పటిలాగే కేక వేస్తుంది. ఆ కేక మామూలు ఫోను కాల్‌గా ఆ ఇళ్ళన్నిటికీ వెళుతుంది. కావాలనుకున్నవాళ్ళు ఫోనులో ఒకటో నంబరు నొక్కుతారు. అప్పుడు ఆమె ఫోను, సబ్బవరం అమ్మాయి గొంతుతో, "నలుగురు దిగుతన్నారత్తా" అని చెబుతుంది. ఎవరూ దిగకపోతే ఆమె ఊరికే ఎదురుచూడకుండా పక్క వీధికి వెళ్ళిపోవచ్చు.

ఈసారి చూపించడానికి వెళ్ళినప్పుడు ఎలా అడగాలన్నది జర్మనీ అబ్బాయి ఆలోచించాడు. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు కాబట్టి, అసలా ప్రశ్న అడగొద్దన్నాడు. సబ్బవరం అమ్మాయి దగ్గర ఒక వాక్యం నేర్చుకుని, ఆటోలో దారంతా వల్లెవేశాడు. హార్బర్లో దిగి, ఐదుగురు ఆడవాళ్ళ ముందూ నిలబడి, "అత్తా, దీంట్లో ఏటి బాగోనేదో సెప్పండి" అన్నాడు.

ముందు వాళ్ళు నిర్ఘాంతపోయారు. తర్వాత పొట్టలు పట్టుకుని నవ్వారు. తర్వాత మొదలుపెట్టారు. ఫోను తడి చేతికి పలకదు. చేపలమ్మే మనిషికి పొడి చెయ్యి ఎక్కడుంటుంది? సంచిలోంచి తీసేసరికే పొలుసులు అంటుకుంటాయి. కేక పంపే పదింటికి ఇళ్ళల్లో పూజలుంటాయి, అప్పుడు చేపల మాట ఎత్తకూడదు. ఇంకా ఇలాంటివి రెండు పేజీలు నిండాయి. అతను ఒక్కోటీ రాసుకుంటుంటే, వాళ్ళు వంగి, రాశాడో లేదో చూసి మరీ తర్వాతిది చెప్పారు. తడి చేతి సంగతికి మందు మా పిల్లల దగ్గరే ఉంది. ఆ పాత డబ్బాలోంచి కూత తీసేసి, నీళ్ళు దిగకుండా మూసి, పైన పెద్ద మీట పెట్టారు. ఫోను సంచిలోనే ఉంటుంది, డబ్బా పెట్టె మీద ఉంటుంది, మోచేత్తో నొక్కినా పనిచేస్తుంది.

సెమిస్టరు చివర అన్ని జట్లూ బయటి పెద్దల ముందు తమ పని చూపించాలి. పెద్దామెను కూడా రమ్మన్నారు. ఉతికిన చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, చేపల పెట్టెతో సహా వచ్చింది. పెట్టె లేకుండా ఎలా చూపిస్తానంది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళకు నచ్చజెప్పడానికి నేను కిందికి దిగాల్సి వచ్చింది. వేదిక మీద ఆమె మీట నొక్కి కేక వేసింది. ఆ ఏసీ హాలు గోడలు అలాంటి గొంతు ఎప్పుడూ విని ఉండవు. వెనక వరసలో ముందే నంబర్లు ఇచ్చిన వాళ్ళ ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. హాలంతా చప్పట్లు.

పెద్దల్లో ఒకాయన, దీన్ని లక్షమందికి ఎలా తీసుకెళ్తారు అని అడిగాడు. సబ్బవరం అమ్మాయి ఆ ప్రశ్నను పెద్దామెకు తెలుగులో చెప్పింది. ఆమె కాస్త ఆలోచించింది.

"లచ్చమంది ఏటి సేసుకుంటాను బాబూ? నాకు రెండు వీధులున్నాయి. లచ్చమంది అత్తలుంటే అప్పుడు సూడండి."

ఆయన నవ్వి, చాలా బాగుంది అన్నాడు, తెలుగులో. అంతే, ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇక నవ్వు ఆగలేదు. టాంజానియా ఆమె వెనక్కి తిరిగి నిలబడింది, భుజాలు ఊగుతున్నాయి. ఆయనకేమీ అర్థం కాలేదు. వాళ్ళకి బహుమతి రాలేదు. డ్రోన్లతో పొలాలకు మందు చల్లే జట్టుకు వచ్చింది. ఆ నవ్వుకు మార్కులు తగ్గించారేమో నాకు తెలియదు. తగ్గించినా న్యాయమే.

పరీక్షలైపోయాయి. జర్మనీ అబ్బాయి వెళ్ళేముందు హార్బర్‌కి వెళ్ళి అందరికీ చెప్పొచ్చాడు. పెద్దామె ఎండు చేపలు రెండు పొట్లాలు కట్టిచ్చింది. విమానంలో వాసనొస్తుందేమోనని అతను వాటిని నా దగ్గర వదిలి వెళ్ళబోతే, ఆమెకు తెలిస్తే బాధపడుతుందని టాంజానియా ఆమె తీసుకుంది. ఆమె తన ఊరెళ్ళాక ఒక పెద్ద ఉత్తరం లాంటి మెయిలు రాసింది. వాళ్ళ దగ్గర చేపలు కొనేది ఇళ్ళవాళ్ళు కాదు, హోటళ్ళ వంటవాళ్ళు. వాళ్ళకు కేకలతో పనిలేదు. అందుకని ఇక్కడ చేసినదేదీ అక్కడ పనికి రాలేదు. ఒక్క ప్రశ్న మాత్రం పనికొచ్చింది, దాన్ని మా భాషలోకి మార్చుకున్నాను అని రాసింది.

సబ్బవరం అమ్మాయికి రుషికొండలోనే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. హార్బర్లో ఆ డబ్బాలు ఇప్పుడు పదిమంది దాకా వాడుతున్నారు. పాడైతే ఆదివారాలు వెళ్ళి బాగుచేస్తుంది. ఏడాదిన్నర గడిచాక ఒకరోజు, ఉద్యోగం మానేసి, వాళ్ళ మండలంలో కూరగాయలు పండించేవాళ్ళ కోసం ఇలాంటిదే మొదలుపెడతానంది. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజునే ఇంటర్ సంగతి కూడా చెప్పేసిందట. వాళ్ళ నాన్న రెండ్రోజులు మాట్లాడలేదట. మూడోరోజు భోజనం దగ్గర, ఏ సబ్జెక్టు అని అడిగాడట. కెమిస్ట్రీ అంది. "అది కష్టమేలే" అని, ఇంకొంచెం అన్నం పెట్టించుకున్నాడట. ఉద్యోగం మానేయడం గురించి మాత్రం ఆయన ఇంకా ఏమీ అనలేదట.

మొన్న ఆమెను నా క్లాసుకు పిలిచాను. ఈ ఏడు ముప్పై మంది. నేపాల్, ఇథియోపియా, ఫ్రాన్స్, మన విజయనగరం, అనకాపల్లి. నేను ఆమెను పరిచయం చేసి, వినడానికి వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆమె సుద్దముక్క తీసుకుని ఒక క్షణం ఆగింది. తర్వాత నా దగ్గరకు నడిచొచ్చి, చిన్న గొంతుతో అంది:

"మేడమ్, ఏటీ అనుకోకండి. మీరిక్కడుంటే ఈళ్ళు నిజం సెప్పరు. కాసేపు బయటికెల్తారా?"

వెళ్ళాను. క్యాంటీన్లో కూర్చుని పునుగులు, టీ తెప్పించుకున్నాను. మా క్లాసు కిటికీలు అక్కడి నుంచి కనిపిస్తాయి. బల్లలన్నీ మళ్ళీ సముద్రం వైపు తిప్పేశారు. నవ్వులు వినిపిస్తున్నాయి, మధ్యలో ఎవరో గట్టిగా వాదిస్తున్నారు. పావుగంట దాటింది, అరగంటయింది. ఆమె నన్ను పిలవలేదు. ఇంకో టీ చెప్పాను.